ఆష్‌గ్రోవ్‌కి పంపిన రెండు పేజీలు

స్టిల్ ఫోర్క్, వెస్ట్ వర్జీనియా
9 అక్టోబరు 1994

డారెల్ అన్నయ్యా,

నీ పుట్టినరోజుకి ఉత్తరం రాయలేదని అమ్మ వారం రోజులుగా నన్ను సాధిస్తోంది. "ఇరవై మూడేళ్లు నిండాయి వాడికి. ఒక్క కార్డు ముక్క పంపడానికి నీకు చేతులు రాలేదా?" అని గిన్నెలు కడుగుతూ ఒకసారి, బట్టలు మడుస్తూ ఒకసారి. తప్పు నాదే. కోప్పడకు.

ఆలస్యానికి కారణం ఉంది. నేను ఆష్‌గ్రోవ్ కాలేజీకి దరఖాస్తు పెడుతున్నాను. అవును, ఒహాయోలో ఉన్నదే. నాకు పదమూడేళ్లప్పుడు నువ్వు ట్రక్కులో తీసుకెళ్లి చూపించావు. గేటు దాటి లోపలికి వెళ్లే ధైర్యం ఇద్దరికీ లేక, రోడ్డు మీదే నిలబడి పెప్పరోని రోల్స్ తిని వచ్చేశాం.

నవంబరు పదిహేను లోపల దరఖాస్తు చేసినవాళ్లకి డిసెంబరు నడిమికే జవాబు చెబుతారట. కానీ ఒక షరతు. వాళ్లు రమ్మంటే ఇక వేరే ఏ కాలేజీకీ వెళ్లకూడదు. ముందే ఒప్పుకుని సంతకం పెట్టాలి. సీటు వచ్చినవాళ్లలో మళ్లీ ఇరవై మందిని ఏరి ఫిబ్రవరిలో ఆనర్స్‌కి పిలుస్తారు. వాళ్లకి వేరే క్లాసులు, వేరే వసతి, నాలుగేళ్లూ ఫీజు లేదు. నాకు ఆ ఇరవై మందిలో ఉండాలని ఉంది. పైకి అంటే నవ్వుతారని నీకొక్కడికే చెబుతున్నాను.

'నిన్ను మార్చిన మనిషి' గురించి రెండు పేజీలు రాయమన్నారు. ఎవరి గురించి రాయాలో ఇంకా తేలలేదు.

కాగితాలన్నీ స్కూలు ఆఫీసు నుంచే వెళ్లాలి. అంటే ఎడ్నా ఆంటీ చేతుల మీదుగా. కర్టిస్ పోయాక నెల రోజులు సెలవు పెట్టి, మళ్లీ వచ్చి అదే కౌంటర్ వెనక కూర్చుంది. దరఖాస్తు ఫారం ఇస్తూ "బాగున్నావా నోరీన్?" అని అడిగింది. నేను నేల చూపులు చూస్తూ "ఆఁ" అన్నాను. వాళ్లబ్బాయి నీ ట్రక్కులో పోయి ఏడాదిన్నర దాటింది. ఆవిడ ముఖం చూసి మాట్లాడటం నాకింకా చేతకాలేదు.

నీ చెల్లెలు,
నోరీన్


రాష్ట్ర జైలు, సి బ్లాకు
23 అక్టోబరు 1994

నోరీ,

నీ ఉత్తరం నాకంటే ముందు ఇక్కడి గార్డు చదివాడు. కవరు ఇస్తూ "మీ చెల్లెలు పెద్ద కాలేజీకే గురిపెట్టిందే!" అన్నాడు. కాబట్టి రహస్యం దాగలేదు. మా బ్లాకు మొత్తానికి తెలిసిపోయింది.

ఆ రోజు గేటు దగ్గర ఆగిపోయింది నువ్వు కాదు, నేను. నువ్వు లోపలికి వెళ్దాం అని నా చొక్కా పట్టుకుని లాగావు. నా బూట్లకి గని మసి ఉందని నేనే వద్దన్నాను. నీకు గుర్తులేదు కాబట్టి తప్పు సగం సగం పంచేశావు.

ఎవరి గురించి రాయాలో తేలలేదంటావేమిటి? నాన్న పోయినప్పుడు నీకు ఆరేళ్లు. అప్పట్నుంచీ నీ ప్రోగ్రెస్ కార్డుల మీద దొంగ సంతకాలు పెట్టిన మహానుభావుడు ఒకడున్నాడు. వాడి గురించి రాస్తే మాత్రం నన్ను రెండంగుళాలు పొడుగు చెయ్యి. ఊరికే అంటున్నాను. ఎవరి గురించి రాసినా ఒక కాపీ పంపు. అక్షర దోషాలు దిద్దుతాను. నవ్వకు, ఇక్కడ లైబ్రరీలో డ్యూటీ నాదే.

ఎడ్నా ఆంటీకి నాలుగు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. రావాలని అడిగే హక్కు నాకు లేదు. కానీ ఆవిడ "బాగున్నావా" అన్నప్పుడు తలెత్తి జవాబు చెప్పు. చేసింది నేను. నువ్వెందుకు నేల చూడటం?

డారెల్


స్టిల్ ఫోర్క్
12 నవంబరు 1994

అన్నయ్యా,

పంపించేశాను. ఇక చేసేదేం లేదు, ఎదురుచూడటమే.

వ్యాసం తాతయ్య తేనెపెట్టెల గురించి రాశాను. తేనెటీగలు మీద వాలినా కదలకుండా నిలబడటం ఆయన నాకు నేర్పిన సంగతి. మామూలుగానే ఉంది. కాపీ తీసుకోవడం కుదరలేదు. స్కూల్లో మెషిన్ పాడైంది.

ఎడ్నా ఆంటీ కాగితాలు రెండు రోజులు తన దగ్గరే పెట్టుకుంది. పేజీలు సరిగా ఉన్నాయో లేదో చూడటం ఆవిడ పనేలే. మూడో రోజు పిలిచి, కవరు నా ముందు పెట్టి, "నోరీన్, నువ్వు పంపాలనుకున్నది ఇదేనా?" అంది. "ఇదే" అన్నాను. "బాగా ఆలోచించుకున్నావా?" "ఆలోచించుకున్నాను ఆంటీ." కవరు అంటించి, స్టాంపులు వేసి, టపా బుట్టలో వేసేసింది.

థాంక్స్‌గివింగ్ పండక్కి అమ్మతో పాటు నేను రావడం కుదరదు. జింకల వేట వారం కదా, నేను పనిచేసే షాపులో తుపాకీ తూటాలు కొనేవాళ్లు బారులు తీరతారు. యజమాని సెలవు ఇవ్వనన్నాడు. ఏమీ అనుకోకు.

నోరీన్


రాష్ట్ర జైలు, సి బ్లాకు
4 డిసెంబరు 1994

నోరీ,

అమ్మ ఒక్కతే వచ్చింది. లాండ్రీలో పని చేసి చేసి ఆవిడ చేతులు పగిలిపోయాయి. ఏదన్నా పూసుకోమని చెప్పు, నా మాట వినదు. నువ్వెందుకు రాలేదని నేను అడగలేదు. ఆవిడే నాలుగు సార్లు చెప్పింది, నాలుగు కారణాలు. పోయిన క్రిస్మస్ తర్వాత నువ్వు ఇటు రాలేదు. లెక్క పెట్టుకుని కూర్చోలేదులే. కానీ తెలుసు.

నా సెల్‌లో పెట్రీ అని ముసలాయన ఉన్నాడని రాశాను కదా. బయట ఉన్నప్పుడు ఆయనకి నలభై తేనెపెట్టెలుండేవట. తాతయ్య సంగతి చెప్పగానే లేచి కూర్చున్నాడు. "ఆ అమ్మాయి రాసింది తెప్పించరా, వినాలి" అని రోజూ నా ప్రాణం తీస్తున్నాడు. గుర్తున్నంత వరకూ మళ్లీ రాసి పంపు. పదిహేనో తారీకు వచ్చే కాలేజీ జవాబు కోసం ఇక్కడ ఆరుగురం కాచుకుని ఉన్నాం.

నువ్వు ఎదురుచూస్తున్నావు కదా, అందుకని ఒక మాట చెప్పాలనిపించింది. కోర్టులో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ రోజు కర్టిస్ చుక్క కూడా తాగలేదు. బార్ బయట సాయంత్రం ఆరింటికి, ఇంకా వెలుగుండగానే, "తాళాలు ఇలా ఇవ్వరా, నేను తోలతా" అన్నాడు. రెండుసార్లు అడిగాడు. "నా ట్రక్కు నేను తోలుకోలేనా?" అన్నాను. వాడు నవ్వి, చుట్టూ తిరిగి వెళ్లి నా పక్కన కూర్చున్నాడు. వాడు చుట్టూ తిరిగి వెళ్లడం కనిపిస్తూనే ఉంటుంది నాకు. దీన్ని ఎడ్నా ఆంటీకి రాద్దామని నాలుగు ఉత్తరాలు మొదలుపెట్టి, నాలుగింట్లోనూ ఇంకేదో రాశాను.

నీ మనసు పాడు చెయ్యడానికి కాదు. నీకు మంచి జరగాలని ఇంత గట్టిగా ఎందుకనుకుంటున్నానో తెలియాలని.

డారెల్


స్టిల్ ఫోర్క్
17 డిసెంబరు 1994

అన్నయ్యా,

సీటు వచ్చింది.

పెద్ద కవరు. పోస్ట్‌మ్యాన్ పెట్టెలో పట్టక తలుపు దగ్గరికి తెచ్చి ఇచ్చాడు. అమ్మ ఏప్రన్‌తో ముఖం కప్పుకుని ఏడ్చింది. నిన్న స్కూల్లో ఎడ్నా ఆంటీ కౌంటర్ దాటి వచ్చి, అందరి ముందూ నాకు చెయ్యిచ్చింది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

స్టేట్ యూనివర్సిటీకి పెట్టిన దరఖాస్తు వెనక్కి తీసుకోవాలి, సంతకం పెట్టిన షరతు అది. వాళ్లూ ఆనర్స్‌లో చేరమని పిలిచారు. వద్దని రాసేశాను.

ఆ వ్యాసం మళ్లీ రాయడం నా వల్ల కాదు. పెట్రీ గారిని ఏమీ అనుకోవద్దని చెప్పు.

నోరీన్


రాష్ట్ర జైలు, సి బ్లాకు
28 డిసెంబరు 1994

కాలేజీ అమ్మాయి గారికి,

నీ ఉత్తరం క్రిస్మస్ ముందు రోజు అందింది. మూడే ముక్కలు రాశావు, అయినా ఇరవై సార్లు చదివాను. పెట్రీ తన వంతు కేకు నాకు పెట్టేశాడు. భోజనాల దగ్గర నేను బల్లెక్కి "మా చెల్లెలికి ఆష్‌గ్రోవ్‌లో సీటొచ్చింది" అని అరిస్తే, గార్డు దిగమన్నాడు కానీ రిపోర్టు రాయలేదు.

ఇక్కడికి వచ్చాక ఎవరన్నా నా ఇంటిపేరు అడిగితే నసిగేవాణ్ణి. ఆ రోజు మాత్రం కాట్రిల్ అని గట్టిగా చెప్పాను.

వ్యాసం పోతే పోనీ. ఆనర్స్ పిలుపు వచ్చిన రోజే రాయి. ఒక్క రోజు కూడా ఆగకు.

నీ అన్న,
డారెల్


స్టిల్ ఫోర్క్
20 ఫిబ్రవరి 1995

అన్నయ్యా,

ఆనర్స్ పిలుపు వచ్చి పది రోజులైంది. ఒక్క రోజు కూడా ఆగకన్నావు. పది రోజులాగాను. ఈ ఉత్తరం ఇప్పటికి ఐదుసార్లు చింపేశాను.

నేను తేనెపెట్టెల గురించి రాయలేదు. నీ గురించి రాశాను. నువ్వు చనిపోయావని రాశాను.

ట్రక్కు వంతెన మీద జారిందనీ, నువ్వు పక్క సీట్లో ఉన్నావనీ, తోలింది నీ స్నేహితుడనీ రాశాను. కర్టిస్ కూర్చున్న చోట నిన్ను కూర్చోబెట్టాను, నీ చోట వాడిని. పేరు రాయలేదు, కానీ వాడినే. వాళ్లమ్మ వాడి చొక్కా ఇస్త్రీ చేసి శవపేటిక వాళ్లకి ఇచ్చిన సంగతి, ఆ చొక్కా మెడ దగ్గర గుండీ ఆఖరి నిమిషంలో కుట్టిన సంగతి, అన్నీ అమ్మ చేసినట్టు రాశాను. అవి నేను ఎడ్నా ఆంటీ ఇంట్లో కళ్లారా చూసినవి. మొదట నిజమే రాయబోయాను. 'మా అన్నయ్య జైల్లో ఉన్నాడు' అన్న వాక్యం దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. మూడో రోజు ఆ వాక్యం మార్చాను. మార్చాక మిగతాది దానంతటదే వచ్చేసింది. అంత తేలిగ్గా వస్తుందనుకోలేదు.

ఆనర్స్ పెద్దాయన ఉత్తరం కింద తన చేత్తో నాలుగు లైన్లు రాశారు. 'మీ అన్నయ్య ఉండి ఉంటే ఎంత గర్వపడేవారో. మొదటి రోజు సభలో ఆయన గురించి మీరు మాట్లాడితే సంతోషిస్తాం' అని. ఆ ఉత్తరం నాకంటే ముందు అమ్మ తెరిచింది. నేను షాపు నుంచి వచ్చేసరికి వంటింట్లో కోటు విప్పకుండా కూర్చుని ఉంది.

"ఎవరే పోయింది?" అంది.

"అమ్మా..."

"ఉండి ఉంటే అని రాశాడేమిటి ఈయన? పోయిన ఆదివారం చూసొచ్చాను నా కొడుకుని. ఏ అన్నయ్యే నీకు పోయింది?"

చెప్పాను. అమ్మ అరవలేదు, కొట్టలేదు. లేచి పొయ్యి మీద బీన్స్ కలిపింది. కలుపుతూనే, "మీ నాన్న పోయాక నిన్ను స్కూలు బస్సెక్కించింది వాడు" అంది. అంతే. అప్పట్నుంచి నాతో పనికి తగ్గ మాటలే.

మూడు రోజుల తర్వాత ఎడ్నా ఆంటీ దగ్గరికి వెళ్లాను. స్కూలు వదిలేశారు. ఆఫీసులో ఆవిడ ఒక్కతే ఉంది. నేను నోరు తెరిచేలోపే, "ఆనర్స్ వచ్చిందట కదా" అంది.

"ఆంటీ, ఆ వ్యాసం మీరు చదివారా?"

"నవంబరులోనే చదివాను. చదివి బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకున్నాను."

"మరి ఎందుకు పంపారు? ఎందుకు ఆపలేదు?"

ఆవిడ స్టాప్లర్‌ని అటూ ఇటూ తిప్పింది. "ఈ ఊళ్లో నన్ను చూస్తే అందరూ రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోతారు నోరీన్. నువ్వూ అంతే. రెండేళ్లు కావస్తోంది, నా ముందు నా కొడుకు సంగతి ఎత్తినవాళ్లు లేరు. నువ్వు ఆ గుండీ సంగతి కూడా రాశావు. పేరొకటే మారింది, పిల్లాడు నా పిల్లాడే. ఎక్కడో ఎవరో కూర్చుని వాడి గురించి చదువుతారు కదా అనుకున్నాను. అందుకే స్టాంపు వేశాను. నీ మేలు కోరి మాత్రం కాదు. నీ మేలు కోరి ఉంటే కవరు చింపి నీ చేతిలో పెట్టేదాన్ని. తప్పు చేశాను."

నేను ఏడిస్తే ఆవిడ టిష్యూ డబ్బా నా వైపు తోసింది. దగ్గరికి రాలేదు.

మార్చి పదికల్లా ఆష్‌గ్రోవ్‌కి జవాబు రాయాలి. ఏం చెయ్యాలో నిన్ను అడిగే ముఖం నాకు లేదు. అయినా అడుగుతున్నాను.

నోరీన్


రాష్ట్ర జైలు, సి బ్లాకు
3 మార్చి 1995

నోరీన్,

వారం రోజులు పెన్ను పట్టుకోలేదు. పట్టుకుని ఉంటే నువ్వు జన్మలో మర్చిపోలేనివి రాసేవాణ్ణి.

బల్లెక్కి అరిచిన సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్లు మండుతోంది. పెట్రీకి చెప్పలేదు. ఏమని చెప్పను? ఆయన ఇంకా తేనెటీగల కోసం అడుగుతూనే ఉన్నాడు.

అబద్ధం రాశావని కాదు నా బాధ. పక్క సీట్లో నేనుండి, వాడు తోలి ఉంటే ఎంత బాగుండేదని నేను రోజూ అనుకుంటాను. అది నా ఒక్కడికే తెలిసిన కోరిక అనుకున్నాను. నువ్వు దాన్ని రెండు పేజీల్లో రాసి పరాయివాళ్లకి పంపించావు. వాళ్లు చదివి బాగుందన్నారు. నేను లేకపోతేనే కథ బాగుంటుందని నా చెల్లెలికి కూడా అనిపించింది. దీన్ని ఎలా మింగాలో నాకు తెలియడం లేదు.

ఏం చెయ్యాలో నేను చెప్పను. చెబితే రేపు ఎటు జరిగినా నా పేరు మీద వేస్తావు. నేను బతికే ఉన్నాను. ఆ సంగతి కాలేజీవాళ్లకి తెలియాలో వద్దో నువ్వు చూసుకో. నీకు తెలిస్తే నాకు చాలు.

డారెల్


స్టిల్ ఫోర్క్
8 ఏప్రిల్ 1995

అన్నయ్యా,

మార్చి తొమ్మిదిన ఆష్‌గ్రోవ్‌కి నిజం రాశాను. వంటింట్లో కూర్చుని రాశాను. అమ్మ ఎదురుగా కూర్చుంది. చదివి వినిపించమంది. 'మా అన్నయ్య డారెల్ కాట్రిల్ బతికే ఉన్నాడు' అన్న దగ్గర ఆపి, మళ్లీ చదవమంది.

మొన్న జవాబు వచ్చింది. పల్చటి కవరు. తెరవకుండానే తెలిసింది. ఆనర్స్ లేదు, సీటూ లేదు. మర్యాదగానే రాశారు. నాకు వాళ్ల మీద కోపం లేదు. స్టేట్ యూనివర్సిటీకి ఫోన్ చేస్తే, ఆనర్స్ సీట్లు నిండిపోయాయి, మామూలు దరఖాస్తుల గడువు కూడా దాటిపోయిందన్నారు. వచ్చే ఏడు చూడాలి. అప్పటిదాకా షాపే. నా క్లాసులో పిల్లలు ఎవరెవరు ఎక్కడికి వెళ్తున్నారో ఆఫీసు బయట గోడ మీద కాగితం అంటిస్తారు కదా. నా పేరు ఆష్‌గ్రోవ్ పక్కన ఉంది. నిన్న మధ్యాహ్నం నేనే అడిగి కొట్టివేయించాను.

కొట్టేసింది ఎడ్నా ఆంటీయే. స్కేలు పెట్టి గీసింది. గీసి, లోపలికి రమ్మంది. నేను ఆ వ్యాసం మళ్లీ టైపు చేసి తీసుకెళ్లాను, ఈసారి కర్టిస్ పేరుతో, వాడు కూర్చున్న చోటే వాడిని కూర్చోబెట్టి. ఆవిడకి ఇవ్వాలనిపించింది. కౌంటర్ మీద పరుచుకుని, ఒక్కో లైను కింద వేలు పెట్టి చదివింది. ఒకచోట వేలు ఆగింది.

"ఇది తప్పు" అంది. "పొద్దున్నే గేటు దగ్గర ఈల వేసేవాడని రాశావు. మావాడికి ఈల వెయ్యడం రాదు. వాడిని పిలవడానికి వచ్చి, మా గేటు దగ్గర ఈల వేసేది మీ అన్నయ్య."

నేను పెన్నుతో కొట్టెయ్యబోయాను. ఆవిడ కాగితం వెనక్కి లాక్కుంది. "ఉండనీ" అంది. నీ గురించి ఇంకేమీ అడగలేదు. నీ ఉత్తరాల సంగతీ ఎత్తలేదు. నేనూ అడగలేదు.

ఇరవై రెండో తారీకు శనివారం అమ్మతో వస్తున్నాను. నన్ను చూడటం నీకిష్టం లేకపోతే అమ్మని ఒక్కదాన్నే పిలిపించుకో. నేను బయట కార్లో కూర్చుంటాను.

నోరీన్


రాష్ట్ర జైలు, సి బ్లాకు
23 ఏప్రిల్ 1995

నోరీ,

నిన్న గంటసేపు ఎదురెదురుగా కూర్చుని, వాన గురించి, అమ్మ చేతుల గురించి, ఆ వెండింగ్ మెషిన్ కాఫీ గురించి మాట్లాడుకున్నాం. నువ్వు అడగాల్సింది మాత్రం, టైమైందని గార్డు లేపాక తలుపు దగ్గర అడిగావు. "నా మీద ఇంకా కోపంగా ఉందా?" అని. నేను జవాబు చెప్పేలోపు నిన్ను బయటికి పంపేశారు. నువ్వు వెనక్కి తిరిగి చూసిన చూపు నిన్నట్నుంచీ నాతోనే ఉంది. అందుకే ఈ ఉత్తరం.

సన్నబడ్డావు. జుట్టు కత్తిరించుకున్నావు. పదహారు నెలల తర్వాత చూసి, ఒక్క క్షణం ఎవరో అనుకున్నాను.

ఆష్‌గ్రోవ్ పోయినందుకు నాకు బాధగా ఉంది. నీకు తగిన శాస్తి జరిగిందని ఒక్కసారి కూడా అనుకోలేదు. అనుకుంటానేమో అని ఎదురుచూశాను, రాలేదు. ఆ రోజు కోర్టులో నేను నోరు విప్పి తాళాల సంగతి చెప్పి ఉంటే, ఎడ్నా ఆంటీకి ఆ నాలుగు ఉత్తరాల్లో ఏ ఒక్కదాంట్లోనైనా రాసి ఉంటే, మన ఇంట్లో నిజం చెప్పడం నీకు ఇంత కొత్తగా ఉండేది కాదేమో. ఇవాళ ఆవిడకి ఐదో ఉత్తరం రాశాను. తాళాలతోనే మొదలుపెట్టాను. నీ కవరుతో పాటే వెళ్తుంది.

నువ్వడిగినదానికి జవాబు. ఉంది. కోపం ఉంది. ఎప్పుడు పోతుందో నాకు తెలియదు.

అయినా వచ్చే శనివారం రా.

డారెల్